ఏ ప్లాస్టిక్‌కు ఏ కోడ్? కస్టమ్స్ సుంకాల వెనుక పదార్థ విజ్ఞానం

విశాఖపట్నం ఓడరేవులో ఒక కంటైనర్ దిగిందనుకుందాం. లోపల ఉన్నవన్నీ ప్లాస్టిక్ సరుకులే. పాలిథిలీన్ గుళికల బస్తాలు, పైపుల కట్టలు, పైపులను మలుపు దగ్గర కలిపే ఎల్బోలు, ప్లాస్టిక్ కుళాయిలు, స్క్రూలు, యంత్రాల్లో తిరిగే చిన్న పళ్ల చక్రాలు. మామూలు చూపుకు అన్నీ ఒకే జాతి.

సుంకాల పట్టిక మాత్రం వీటిని అలా చూడదు. గుళికలు 3901 హెడింగ్ కిందికి వెళ్తాయి. పైపులకు, ఎల్బోలకు 3917. స్క్రూలకు 3926. ఇంతవరకూ అన్నీ ప్లాస్టిక్‌లకు కేటాయించిన 39వ అధ్యాయంలోనే ఉన్నాయి. కుళాయిలు మాత్రం ఇత్తడి, ఇనుప కుళాయిలతో కలిసి 8481లో చేరతాయి. పళ్ల చక్రాల చోటు 8483. ఒకే కంటైనర్‌లోని ప్లాస్టిక్ ఇలా రెండు అధ్యాయాలకు, అయిదు హెడింగ్‌లకు చెదిరిపోయింది.

ఈ విభజన గుమస్తాల ఇష్టప్రకారం జరిగేది కాదు. సాంద్రత ఎంత, అణువుల గొలుసు ఎంత పొడవు, పట్టీ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, లాగితే ఎంత సాగుతుంది వంటి కొలతలను చట్టమే తన వాక్యాల్లో రాసుకుంది. సుంకాల పట్టిక పైకి పన్నుల పుస్తకం. ప్లాస్టిక్‌ల దగ్గరికి వచ్చేసరికి అది చాలావరకు పదార్థ విజ్ఞాన పుస్తకం.

ఎనిమిది అంకెల్లో ఏముంది?

దుకాణంలో ఇచ్చే జీఎస్టీ బిల్లుల మీద కనిపించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఈ పట్టిక నుంచి వచ్చిందే. దీని మూలం హార్మొనైజ్డ్ సిస్టమ్ అనే అంతర్జాతీయ వర్గీకరణ. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు 200కు పైగా దేశాలు, ఆర్థిక వ్యవస్థలు దీన్ని వాడుతున్నాయి. ప్రపంచ సరుకుల వాణిజ్యంలో 98 శాతానికి పైగా ఈ కోడ్‌ల కిందే నమోదవుతుంది.

కోడ్‌లో మొదటి రెండు అంకెలు అధ్యాయాన్ని, తర్వాతి రెండు హెడింగ్‌ను, ఆ తర్వాతి రెండు ఉప హెడింగ్‌ను చెబుతాయి. ఈ ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి. ఆపైన ఎవరి అవసరాన్ని బట్టి వారు అంకెలు చేర్చుకోవచ్చు. భారతదేశం మరో రెండు చేర్చి ఎనిమిది అంకెలు వాడుతోంది. మన సుంకాల పట్టికకు చట్టబద్ధత ఇచ్చేది 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం.

39వ అధ్యాయానికి లోపల ఒక వరుస ఉంది. 3901 నుంచి 3914 వరకు ముడి రూపంలోని పాలిమర్లు. 3915 వ్యర్థాలకు, తుక్కుకు. 3916 నుంచి 3921 వరకు కడ్డీలు, పైపులు, షీట్లు, ఫిల్ముల వంటి సగం తయారైన సరుకులు. 3922 నుంచి 3926 వరకు పూర్తిగా తయారైన వస్తువులు. గుళిక నుంచి వస్తువు దాకా ప్లాస్టిక్ చేసే ప్రయాణమే ఈ వరుస.

అసలు ప్లాస్టిక్ అంటే ఏమిటో కూడా అధ్యాయం మొదటి నోట్ నిర్వచిస్తుంది. వేడి, పీడనం వంటి బయటి ప్రభావంతో ఒక ఆకారంలోకి మలచడానికి వీలై, ఆ ప్రభావం తొలగించిన తర్వాత కూడా ఆ ఆకారాన్ని నిలుపుకునే పదార్థం ప్లాస్టిక్. పక్కనే ఉన్న 40వ అధ్యాయంలోని రబ్బరుకు పరీక్ష వేరు. గంధకంతో వల్కనీకరణ చేసిన పదార్థాన్ని 18 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య మూడు రెట్ల పొడవుకు లాగినా తెగకూడదు. రెండు రెట్లు లాగి వదిలితే అయిదు నిమిషాల్లోపు, మొదటి పొడవుకు ఒకటిన్నర రెట్లు మించని స్థితికి తిరిగి రావాలి. అప్పుడే అది సింథటిక్ రబ్బరు. చట్టం పుస్తకంలో ప్రయోగశాల పరీక్షను ఇంత విడమరిచి చెప్పే చోట్లు అరుదు.

0.94 దగ్గర ఒక గీత

పాలిథిలీన్ గుళికల సంగతి చూస్తే ఈ కొలతల బరువు తెలుస్తుంది. విశిష్ట సాంద్రత 0.94 కంటే తక్కువైతే 3901.10, 0.94 లేదా అంతకంటే ఎక్కువైతే 3901.20. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలాంటి గుళికలు. నీటిలో వేస్తే రెండూ తేలతాయి.

తేడా అణువుల అమరికలో ఉంది. పాలిథిలీన్‌ను 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అత్యధిక పీడనం దగ్గర కనుగొన్నారు. అలా తయారైన గొలుసులకు చెట్టు కొమ్మల్లా పక్క శాఖలు ఎక్కువ. శాఖలు అడ్డొస్తాయి కాబట్టి గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు. అందుకే సాంద్రత తక్కువ, పదార్థం మెత్తన. 1953లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనంలోనే పనిచేసే ఉత్ప్రేరకాన్ని కనుగొన్నాడు. దాంతో వచ్చిన గొలుసులు దాదాపు తిన్ననివి. కట్టెల మోపులా ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి. సాంద్రత పెరుగుతుంది, గట్టిదనం వస్తుంది. మొదటి రకం కవర్లకు, ఫిల్ములకు పనికొస్తే రెండో రకం పైపులకు, డ్రమ్ములకు పనికొస్తుంది. ఈ కృషికి జీగ్లర్‌కు, గియులియో నట్టాకు కలిపి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే కొలవడంలో ఒక చిక్కు ఉంది. ఎండకు పాడవకుండా నల్ల పైపుల గుళికల్లో రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు. పాలిథిలీన్ కంటే కార్బన్ బ్లాక్ చాలా బరువు, దాని సాంద్రత సుమారు 1.8. దీంతో 0.935 ఉన్న పాలిథిలీన్‌లో 2.5 శాతం కార్బన్ బ్లాక్ కలిస్తే గుళిక సాంద్రత 0.946 దాకా పోతుంది. గీత దాటినట్టే కనిపిస్తుంది. కానీ హార్మొనైజ్డ్ సిస్టమ్ వివరణల ప్రకారం సాంద్రతను కలిపిన పదార్థాలను మినహాయించి, పాలిమర్ వరకే లెక్కించాలి. కాబట్టి ఆ నల్ల గుళికలు గీతకు ఇవతలే ఉంటాయి. గుళికను నేరుగా తూచిన అంకెను పత్రాల్లో రాసేస్తే కోడ్ తప్పినట్టే.

మరో గీత 95 శాతం దగ్గర ఉంది. రెండు మూడు రకాల మోనోమర్లు కలిసి కట్టిన గొలుసును కోపాలిమర్ అంటారు. ఏ ఒక్క మోనోమర్ వాటా కూడా బరువులో 95 శాతానికి చేరకపోతేనే చట్టం దృష్టిలో అది కోపాలిమర్. పల్చని ఫిల్ములకు వాడే ఎల్ఎల్‌డీపీఈ ఈ గీతకు రెండు వైపులా ఉంటుంది. ఇథిలీన్ వాటా 95 శాతం లేదా అంతకుమించి ఉండి సాంద్రత 0.94 కంటే తక్కువైతే 3901.10. వాటా 95కు తగ్గితే, ఇథిలీన్–ఆల్ఫా ఓలెఫిన్ కోపాలిమర్ల కోసం 2017 సవరణలో చేర్చిన 3901.40.

నీళ్ల సీసాల పెట్‌కు కొలత గొలుసు పొడవు. దాన్ని నేరుగా కొలవలేరు కాబట్టి పాలిమర్‌ను ద్రావణిలో కరిగించి, ద్రావణం ఎంత చిక్కగా పారుతుందో చూస్తారు. పొడవైన గొలుసులు ఎక్కువ చిక్కదనం ఇస్తాయి. స్నిగ్ధతా సంఖ్య గ్రాముకు 78 మిల్లీలీటర్లు, అంతకు పైన ఉంటే 3907.61, తక్కువైతే 3907.69. సీసాను ఊది సాగదీసేటప్పుడు గోడ చిరగకూడదంటే పొడవైన గొలుసులు కావాలి. అందుకే ఈ గీత సీసాలకు పనికొచ్చే పెట్‌ను మిగతా పెట్ నుంచి వేరుచేస్తుంది.

ఆకారం మారితే కోడ్ మారుతుంది

ముడిసరుకు దాటి వస్తువుల్లోకి వస్తే జ్యామితి మొదలవుతుంది. పైపు అనిపించుకోవాలంటే బోలుగా ఉంటే చాలదు. లోపలి కోత గుండ్రంగానో, అండాకారంగానో, క్రమ బహుభుజిగానో ఉండాలి. దీర్ఘచతురస్రమైతే పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. మించితే అది పైపు కాదు, 3916 కిందికి వచ్చే ప్రొఫైల్.

మామూలు ప్లాస్టిక్ షీటును చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా కోసినంతవరకు 3920, 3921 హెడింగ్‌లలోనే ఉంటుంది. అదే షీటును గుండ్రంగా కోస్తే లేదా రంధ్రాలు చేస్తే సాధారణంగా తయారైన వస్తువుగా మారి 3926 వైపు పోతుంది. కత్తిరింపు ఖర్చు కొద్దిపాటిది, కోడ్ మార్పు మాత్రం పూర్తిది. పీవీసీ షీటులో ప్లాస్టిసైజర్ బరువులో 6 శాతానికి తగ్గకుండా ఉంటే ఒక ఉప హెడింగ్, తగ్గితే మరొకటి. నీళ్ల ట్యాంకు 300 లీటర్లు మించితే 3925.10 కింద భవన సామగ్రి.

గుడ్డకు ప్లాస్టిక్ పూత పూసిన సరుకులకు ఇంకా విచిత్రమైన పరీక్ష ఉంది. 15 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య, 7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీ చుట్టూ చేతితో వంచాలి. విరగకుండా వంగకపోతే అది సాధారణంగా గుడ్డల అధ్యాయం వదిలి ప్లాస్టిక్‌లలో చేరుతుంది.

పోగుల విషయంలో గీతలు 1 మిల్లీమీటరు, 5 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఒంటి పోగు కోత 1 మిల్లీమీటరు మించితే ప్లాస్టిక్, లేకుంటే వస్త్ర విభాగం. పట్టీ వెడల్పు 5 మిల్లీమీటర్లు మించితే ప్లాస్టిక్, లేకుంటే వస్త్రం. ఈ రెండో గీత దేశంలో పెద్ద వివాదమే రేపింది.

యూరియా సంచి గుడ్డా, ప్లాస్టిక్కా?

ఎరువుల, సిమెంటు సంచులను దగ్గరగా చూస్తే నేత కనిపిస్తుంది. పాలిప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ ఫిల్మును సన్నని పట్టీలుగా చీల్చి, సాగదీసి, మగ్గాల మీద నేసి ఆ సంచులు తయారుచేస్తారు. సాగదీసినప్పుడు గొలుసులన్నీ పట్టీ పొడవునా ఒకే దిశకు తిరుగుతాయి. అందుకే అంత పల్చటి పట్టీ యాభై కిలోల బరువును ఆపగలుగుతుంది.

పట్టీ వెడల్పు సాధారణంగా 5 మిల్లీమీటర్లలోపే. వెడల్పు గీత ప్రకారం చూస్తే ఇవి వస్త్రం. పట్టీతో నేసిన సంచులకు 63వ అధ్యాయంలో 6305.33 అనే ఉప హెడింగ్ కూడా ఉంది. కానీ 1990లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఎక్సైజ్ సుంకం కేసులో హెచ్‌డీపీఈ పట్టీలు, సంచులు ప్లాస్టిక్ సరుకులేనని తీర్పు ఇచ్చింది. పదార్థం ప్లాస్టిక్ అయినప్పుడు నేసినంత మాత్రాన వస్త్రం కాదన్నది అందులోని సారాంశం. జీఎస్టీ వచ్చాక ప్రశ్న మళ్లీ లేచింది. 2018 డిసెంబరు 31న కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ఇచ్చిన సర్క్యులర్ పాలిప్రొపిలీన్ నేత సంచులను, నేత లేని సంచులను 3923 కింద ప్లాస్టిక్ సంచులుగానే చూడాలని, వాటికి 18 శాతం పన్ను వర్తిస్తుందని చెప్పింది.

శాస్త్రం ఇక్కడ ఒక్క సమాధానం ఇవ్వదు. రసాయనికంగా ఆ సంచి ప్లాస్టిక్, నిర్మాణపరంగా నేత. రెండూ నిజమే. ఏ లక్షణాన్ని ముందు పెట్టాలన్నది చట్టం తేల్చుకోవాల్సిన విషయం.

చేసే పని కూడా లెక్కలోకి వస్తుంది

పదార్థం, ఆకారం తర్వాత మూడోది పని. యంత్ర భాగాలకు సాధారణంగా యంత్రాల విభాగమే ఇల్లు. కుళాయి ప్లాస్టిక్‌దైనా, ఉక్కుదైనా ప్రవాహాన్ని ఆపడం, వదలడం దాని పని కాబట్టి 8481లో ఉంటుంది. కానీ ఎక్కడైనా వాడదగిన స్క్రూలు, వాషర్ల వంటివి యంత్రం కోసం తెచ్చినా ప్లాస్టిక్ అధ్యాయాన్ని వదలవు. ప్లాస్టిక్ కన్వేయర్ బెల్టు కూడా అంతే. యంత్రం మీదే తిరిగినా నియమాల ప్రకారం 39లోనే ఉంటుంది.

రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ డ్రిప్పు ల్యాటరల్. పొలంలో సాళ్ల వెంట పరిచే ఆ సన్నని నల్ల పైపు చూపుకు పైపే. మామూలు పైపుగా లెక్కిస్తే 3917, పన్ను 18 శాతం. బిందు సేద్య వ్యవస్థలో భాగంగా లెక్కిస్తే 8424. విడిగా అమ్మినప్పుడు ఏ రేటన్న సందేహం రాగా, డ్రిప్పు లేదా స్ప్రింక్లర్ వ్యవస్థలతోనే పూర్తిగా, లేదా ప్రధానంగా వాడే భాగాలు విడిగా అమ్మినా 8424 కిందికే వస్తాయని, అప్పటి 12 శాతం రేటే వర్తిస్తుందని 2021 జూన్‌లో బోర్డు స్పష్టం చేసింది. దిగుమతి సరుకు మీద ఐజీఎస్టీ కూడా ఇవే రేట్లను అనుసరిస్తుంది. ఒక నల్ల పైపు దేనికోసం తయారైందన్న ప్రశ్న రైతు కట్టే ధరలో కనిపిస్తుంది.

ప్రయోగశాల తేల్చే సంగతులు

పత్రాల్లో రాసింది నిజమో కాదో కంటితో తేలనప్పుడు కస్టమ్స్ అధికారులు నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. న్యూఢిల్లీలోని సెంట్రల్ రెవెన్యూస్ కంట్రోల్ లేబొరేటరీ వీటికి కేంద్రం. విశాఖపట్నం సహా పలు ఓడరేవుల్లో కస్టమ్స్ ప్రయోగశాలలు ఉన్నాయి.

కొన్ని పరీక్షలు చాలా సులువు. నీటిలో వేస్తే మామూలు పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ తేలతాయి, పీవీసీ, పెట్ మునుగుతాయి. ఎర్రగా కాల్చిన రాగి తీగకు ప్లాస్టిక్‌ను తాకించి మళ్లీ మంటలో పెడితే, పీవీసీ అయితే మంట ఆకుపచ్చగా మారుతుంది. అది క్లోరిన్ గుర్తు.

ఖచ్చితంగా తేల్చడానికి పరారుణ వర్ణపటమాపకం వాడతారు. ఒక్కో రసాయన బంధం ఒక్కో పౌనఃపున్యం దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌లోని నైట్రైల్ బంధం సెంటీమీటరుకు సుమారు 2,240 తరంగాల దగ్గర, పెట్‌లోని ఎస్టర్ బంధం సుమారు 1,720 దగ్గర ఆనవాలు వదులుతాయి. వేలిముద్రలా ఇది పాలిమర్ పేరు చెప్పేస్తుంది.

కానీ తక్కువ సాంద్రత, ఎక్కువ సాంద్రత పాలిథిలీన్‌ల వర్ణపటాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ కరిగే ఉష్ణోగ్రత సాయపడుతుంది. మొదటిది సుమారు 110 డిగ్రీల దగ్గర, రెండోది సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పాలిప్రొపిలీన్‌కు ఇది 160 డిగ్రీలు దాటుతుంది, పెట్‌కు 250 డిగ్రీలకు పైన. పీవీసీలోని ప్లాస్టిసైజర్‌ను ద్రావణితో బయటికి లాగి, ఎంత బరువు తగ్గిందో చూసి శాతం కడతారు. కలిపిన ఖనిజ పొడుల లెక్క కాల్చగా మిగిలిన బూడిద చెబుతుంది. ఒక్కో యంత్రం ఒక్కో ముక్క చెబితే, అన్నిటినీ కలిపి రసాయన నిపుణుడు నివేదిక రాస్తాడు. కోడ్ నిర్ణయించే బాధ్యత మాత్రం అధికారిదే.

తప్పితే ఏమవుతుంది?

కోటి రూపాయల సరుకు, మూల కస్టమ్స్ సుంకం 10 శాతం అనుకుంటే సుంకం రూ.10 లక్షలు. దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి రూ.1 లక్ష. మొత్తం రూ.1.11 కోట్ల మీద 18 శాతం ఐజీఎస్టీ రూ.19.98 లక్షలు. అన్నీ కలిపి రూ.30.98 లక్షలు. అదే సుంకం 15 శాతమున్న కోడ్ అయితే మొత్తం రూ.37.47 లక్షలు. తేడా రూ.6.49 లక్షలు. ఐజీఎస్టీని వ్యాపారి సాధారణంగా క్రెడిట్‌గా తిరిగి సర్దుకుంటాడు. సుంకం, సర్‌చార్జి తేడా అయిన రూ.5.5 లక్షలు మాత్రం సరుకు ధరలోనే ఉండిపోతాయి.

2011 నుంచి దిగుమతిదారే తన సరుకుకు కోడ్ వేసి సుంకం లెక్కకట్టుకునే పద్ధతి అమల్లో ఉంది. పొరపాటున తక్కువ కట్టినా రెండేళ్ల వరకు, కావాలని దాచారని తేలితే అయిదేళ్ల వరకు వెనక్కి వెళ్లి వడ్డీతో సహా వసూలు చేయవచ్చు. కావాలని చేసినదైతే భారీ జరిమానా కూడా పడుతుంది. పెద్ద కంపెనీకి ఇది న్యాయవాదుల పని. ఏడాదికి రెండు మూడు కంటైనర్లు తెప్పించుకునే చిన్న మౌల్డింగ్ యూనిట్‌కు మాత్రం అమ్మేసిన సరుకు మీద మళ్లీ వచ్చిపడే అప్పు.

డబ్బును మించిన లెక్క మరొకటి ఉంది. 2019 మార్చిలో భారతదేశం ఘన ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. ప్రత్యేక ఆర్థిక మండళ్లకు, ఎగుమతి ఆధారిత యూనిట్లకు అంతకుముందున్న వెసులుబాటు కూడా పోయింది. అదే ఏడాది బాసెల్ ఒప్పందానికి ప్లాస్టిక్ వ్యర్థాల సవరణ ఆమోదం పొంది, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రేవులో ఈ నియమాలు నిలబడేది వ్యర్థాన్ని వ్యర్థంగా గుర్తించడం మీదే. వ్యర్థం కోడ్ 3915. ఒకే రకం థర్మోప్లాస్టిక్ వ్యర్థాన్ని ముడి రూపంలోకి మారిస్తే మాత్రం అది 3915 వదిలి ఆ పాలిమర్ కోడ్‌కు వెళ్తుందని అధ్యాయం నోట్ చెబుతోంది. ముడి రూపాల జాబితాలో పొడి, గుళికలతో పాటు పలుకులు కూడా ఉన్నాయి.

చిక్కు సరిగ్గా అక్కడే. శుభ్రంగా కడిగి, రంగు రంగుగా వేరుచేసిన పెట్ పలుకులు కర్మాగారానికి ముడిసరుకు. మూతలు, లేబుళ్లు, మట్టి కలిసిన ముక్కలు చెత్త. రెండూ సంచిలో పలుకుల్లాగే కనిపిస్తాయి. ఒకే పాలిమరా, వేరేవి కలిశాయా, మాలిన్యం ఎంత అన్న ప్రశ్నలకు ప్రయోగశాల ఇచ్చే జవాబు మీద ఒక దేశపు చెత్త మరో దేశపు పొలిమేరలో పడటమా, ఆగటమా అన్నది ఆధారపడి ఉంటుంది.

ముందే అడగవచ్చు

అనుమానమున్న సరుకుకు కంటైనర్ బయలుదేరకముందే కోడ్ తెలుసుకునే దారి ఉంది. న్యూఢిల్లీ, ముంబైలలోని కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలకు దరఖాస్తు చేసి తీర్పు కోరవచ్చు. ఆ తీర్పు దరఖాస్తుదారుకు, కస్టమ్స్ అధికారులకు ఇద్దరికీ కట్టుబాటే. చట్టం, వాస్తవాలు మారనంతవరకు నిర్ణీత కాలం పాటు చెల్లుతుంది.

దరఖాస్తు చేసినా, తామే కోడ్ వేసుకున్నా, సరఫరాదారు నుంచి ముందుగా రాబట్టాల్సిన వివరాలు అవే. పాలిమర్ పేరు, కలిపిన పదార్థాలను మినహాయించిన సాంద్రత, మోనోమర్ల వాటా, ప్లాస్టిసైజర్ శాతం, కొలతలు, ఎక్కడ వాడతారన్న సంగతి. ‘ప్లాస్టిక్ గూడ్స్’ అని ఒక్క మాట రాసిన ఇన్‌వాయిస్‌తో ఏ అధికారీ, ఏ రసాయన నిపుణుడూ సరైన చోటు చూపించలేరు.

కొత్త పదార్థాలు వచ్చే కొద్దీ పట్టికా మారుతూ వస్తోంది. సుమారు అయిదేళ్లకొకసారి సవరించే హార్మొనైజ్డ్ సిస్టమ్ ప్రస్తుత రూపం 2022 నాటిది, తర్వాతిది 2028 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. అప్పటికి కొన్ని గీతలు జరగవచ్చు, కొత్తవి చేరవచ్చు. గీతకు ఏ వైపున్నదో తేల్చడానికి మాత్రం అప్పుడూ ఎవరో ఒకరు గుళికను తూచాలి, పట్టీని కొలవాలి, ముక్కను మంటలో పెట్టి చూడాలి.